క్లచ్ లేని బండి

ఆ బండికి క్లచ్ లేదు కాబట్టే కొండమీద ఎవరూ దాన్ని కొనలేదు. లేదు కాబట్టే స్వర్ణ కొంది.

అరకులో ఒక రిసార్టు వాళ్ళు, అతిథుల్ని రైలు దగ్గర్నించి తెచ్చుకోడానికి వాడి వాడి, సీట్లు చిరిగాక వదిలించుకున్న డీజిల్ పికప్ అది. ముందు రెండు వరసల సీట్లు, వెనక సామాను వేసుకునే తొట్టి. గేర్లు దానంతట అదే మార్చుకుంటుంది. తోలేవాళ్ళు కుడికాలితో యాక్సిలేటరో బ్రేకో తొక్కుతూ, చేత్తో స్టీరింగు తిప్పుకుంటే చాలు. ఎడమ కాలికి పనే ఉండదు. ఘాట్‌లో జీపులు తోలే మగాళ్ళు దాని చుట్టూ తిరిగి చూసి, గేరు మార్చనివాడు డ్రైవరేంటి, ఇది పిల్లలాడుకునే బొమ్మ అని నవ్వుకుని పోయారు. స్వర్ణ నవ్వలేదు. రిసార్టు వాచ్‌మన్ తాళం ఇస్తే ఎక్కి కూర్చుంది. ఎడమ కాలిని పక్కకి చాపుకుంది. కుడికాలు బ్రేకు మీద పెట్టింది. ఆ తర్వాత ఎవరేం చెప్పినా ఆమె చెవికెక్కలేదు.

ఆమె ఎడమ కాలు మడమ దగ్గర వంగదు. హుకుంపేట అవతల కొండవాలు మీద వాళ్ళ ఊరు. కాఫీ తోటలో నీడకోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి ఉంటాయి. వెదురు నిచ్చెన ఆనించుకుని ఎక్కి గుత్తులు కోయాలి. ఊళ్ళో ఆ పనికి స్వర్ణని మించిన మనిషి లేదు. ఒక మంచు పొద్దున నిచ్చెన జారింది. ఎముక అతుక్కుంది గానీ కీలు బిగుసుకుపోయింది. అప్పట్నించీ చెట్టెక్కడం లేదు, బుట్ట మోసుకుని సంతకి దిగడం లేదు. ముప్పై దాటకుండానే అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీసే ముసలమ్మల పక్కన చేరింది. ఆ ముసలమ్మలు మంచివాళ్ళే. వాళ్ళ మధ్య కూర్చోవడమే ఆమెకి చావుతో సమానంగా ఉండేది.

బండి వచ్చాక ఆ మనిషే మారిపోయింది. బడి మైదానంలో భర్త సోంబరు ముందు పరిగెడుతూ దారి చూపిస్తుంటే నేర్చుకుంది. సోంబరుకి బండి తోలడం రాదు, నేర్చుకోనూ లేదు. కాఫీ మొక్కలు, తేనె, అడవి సరుకు, ఇవే అతని లోకం. బండి కడగడం, దాని కిందకి దూరి బురద గీకడం, టైర్లలో రాళ్ళు ఏరడం మాత్రం అతని పనే. తోలడం స్వర్ణది. అల్లం, రాజ్‌మా చిక్కుళ్ళు, మిరియాలు, పసుపు మూటలతో ఆడవాళ్ళందరినీ ఎక్కించుకుని హుకుంపేట సంతకి దించేది. పురుటి నొప్పులొచ్చినా, జ్వరమొచ్చినా ఆమె గుమ్మం ముందుకే వచ్చేవారు. మూడేళ్ళు అలా గడిచాయి. కుంటి స్వర్ణ అనే పేరు పోయి బండి స్వర్ణ అనే పేరొచ్చింది.

ఈ చలికాలంలో బండికి పిచ్చెక్కింది.

మొదట్లో చిన్న కుదుపులే. కొండ ఎక్కేటప్పుడు పెద్ద గేరులోకి వెళ్ళి ఉసూరుమనేది, అంతలోనే చిన్న గేరులోకి పడి రంకె వేసేది. అదీ పొద్దున్నే, మంచులోనే. ఎండ వచ్చాక ఏమీ ఎరగనట్టు బుద్ధిగా నడిచేది. చలికి నూనె గట్టిపడిందేమో అనుకుంది స్వర్ణ. కాసేపు ఇంజను వేడెక్కనిచ్చి తీసేది. అయినా అంతే.

అలాంటి ఒక సంత పొద్దున, తొట్టి నిండా ఆడవాళ్ళూ మూటలూ ఉండగా, ఊరి కిందున్న ఏటవాలు మలుపులో అది అసలు రంగు చూపించింది. వాలులో దిగేటప్పుడు లివరు చిన్న గేరులో పెడితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. స్వర్ణ అలాగే పెట్టింది. మలుపు మధ్యలో బండి ఉన్నట్టుండి ఆ పట్టు వదిలేసింది. వెనకనించి ఎవరో తోసినట్టు ముందుకి దూకింది. ఆమె బ్రేకు మీద నిలబడినంత పని చేసింది. సరిగ్గా అప్పుడే గేరు మళ్ళీ చిన్నదానిలోకి పడి, బండి మొత్తం ఒక్క కుదుపు కుదిపింది. లోయ వైపు చక్రం తారు దాటి మట్టిలోకి దిగి ఆగింది. తొట్టిలో ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. సోంబరు మేనత్త ముత్యాలమ్మ చెయ్యి ఇనప కమ్మీకి కొట్టుకుని మణికట్టు విరిగింది.

ఎవరూ స్వర్ణని ఒక్క మాట అనలేదు. తర్వాతి సంతకి మూటలు నెత్తిన పెట్టుకుని, ఆమె ఇంటి ముందునించే, నడిచి వెళ్ళారు. తిట్టినా బాగుండేది. బండి పక్కన నిలబడి వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి, ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది.

శృంగవరపుకోటలో వరహాలరావు అనే మెకానిక్ ఉన్నాడు. అరవై ఏళ్ళ మనిషి. ఆటోమేటిక్ గేర్ల బళ్ళు తెలిసినవాడు ఘాట్ కింద అతనొక్కడే అని పేరు. స్వర్ణ ఎండెక్కాక జాగ్రత్తగా ఘాట్ దిగి అతని షెడ్డుకి తీసుకెళ్ళింది. అతను నూనె చూశాడు, వాసన చూశాడు, వేలికి రాసుకుని చూశాడు. మాడిన వాసన లేదు. నూనె మార్చాడు, జల్లెడ మార్చాడు. గేర్లు నడిపించే పెట్టెకి తన చేతి మిషను తగిలించి చూస్తే, అది ఒకదానికొకటి పొంతన లేని తప్పులు ఏకరువు పెట్టింది. అవన్నీ చెరిపేసి బండి తోలి చూశాడు. మధ్యాహ్నపుటెండలో వెన్నలా నడిచింది. ఇంటికి తెచ్చుకున్న మర్నాడు పొద్దున మంచులో మళ్ళీ అదే పాట.

ఇంకోసారి వెళ్ళింది. మళ్ళీ అంతే. మూడోసారి వరహాలరావు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ ఆమె మొహం చూడకుండా అన్నాడు.

"బండికి రోగం నేదమ్మా. ఘాట్లో డీజిలు మిగుల్తాదని మీవోళ్ళందరూ న్యూట్రల్లో వదిలేసి దించుతారు గదా. నువ్వూ అదే సేత్తన్నావేమో."

స్వర్ణకి ఒళ్ళు మండిపోయింది. "నాను న్యూట్రల్లో ఎప్పుడూ దించనేదు బాబూ. ఎనకాల మనుసుల్నెట్టుకుని అలగెలగ దించుతాను?"

"మరైతే నాకు తెల్దు. ఇక్కడ సూపించని రోగానికి నానేటి మందెయ్యను?"

ఆ రాత్రి సోంబరు ముద్ద మింగకుండా కూర్చున్నాడు. చివరికి నోరు తెరిచి, బండి అమ్మేద్దాం అన్నాడు. వరహాలరావు విడిభాగాలకి తీసుకుంటానన్నాడట, సోంబరే ఫోను చేసి అడిగాడట. స్వర్ణ గయ్యిమంది. నాలుగు రోజులు మాట్లాడలేదు. కానీ ముత్యాలమ్మ కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఎదురింటి అరుగు మీద రోజూ కనిపిస్తుంటే, ఎంతకని బిగదీసుకుని ఉంటుంది? ఈసారి చెయ్యి. మళ్ళీసారి? ఇంకో బండి కొనుక్కోమనేవాళ్ళకి ఏం తెలుసు? కొండమీద దొరికే ప్రతి బండికీ క్లచ్ ఉంటుంది. ఇది పోతే మళ్ళీ ఆ అరుగూ, ఆ చింతపండూ. అది తెలిసే సరే అంది.

వరహాలరావు కిరండూల్ రైల్లో అరకు వచ్చి, సాయంత్రానికి జీపెక్కి ఊరు చేరాడు. ఎండ ముదిరాక దించితే దారంతా టూరిస్టు బళ్ళు అడ్డం అని, తెల్లారుతూనే బయల్దేరదామన్నాడు. అతను స్టీరింగు ముందు కూర్చున్నాడు. స్వర్ణ పక్క సీటులో కూర్చుంది. ఘాట్ దిగేదాకా వస్తానని పట్టుబట్టింది, ఎందుకో ఆమెకే తెలియదు. ఆమెని తిరిగి ఇంటికి తెచ్చుకోవాలి కనక సోంబరు వెనక సీటెక్కాడు. కొన్నప్పట్నించీ ఆ బండిలో ఆమె పక్క సీటులో కూర్చోవడం అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

అరకు దాటేదాకా మంచు పల్చగానే ఉంది. బండి ఎప్పుడైనా సతాయించిందా అన్నట్టు సాఫీగా పోయింది. వరహాలరావు ఓరగా ఆమె వైపు చూశాడు. ఆ చూపుకి అర్థం ఆమెకి తెలుసు. చూశావా, చెయ్యి మారితే బండీ మారింది అని. ఒక్కసారి అతని ముందు ఇది తిక్క చూపించకూడదా అనుకుంది. అనుకున్నందుకు వెంటనే భయపడింది. ముందున్నది అనంతగిరి ఘాట్.

వాలు మొదలయ్యాక మంచు గోడలా వచ్చి మీద పడింది. ముందు అద్దంలోంచి బానెట్టు చివర కూడా కనిపించడం లేదు. వరహాలరావు లివరుని చిన్న గేరులోకి లాగి, బంపరు మీదున్న మంచు లైట్ల స్విచ్చి నొక్కాడు. పళ్ళేలంత పసుపు లైట్లు రెండు, బండి కొన్న మొదటి చలికాలంలోనే స్వర్ణ అరకులో పెట్టించినవి. రోడ్డు మీద ఒక పసుపు మడుగు పరుచుకుంది.

కొంచెం దూరం పోయేసరికి బండి పట్టు వదిలేసింది.

"ఏటిదీ" అన్నాడు వరహాలరావు. బ్రేకు తొక్కాడు. ఇంజను గొంతు పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది. బండి కుదిపింది. వెనక సోంబరు తల పై రేకుకి కొట్టుకున్న చప్పుడైంది. ఎడంపక్క లోయ. మంచులో అది కనిపించదు గానీ ఉందని ముగ్గురికీ తెలుసు.

"ఇదే బాబూ" అంది స్వర్ణ. ఆమె గొంతు ఆమెకే చిత్రంగా వినిపించింది. "ఇన్నాళ్ళూ నాను సెప్పింది ఇదే."

వరహాలరావు స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. మలుపు వచ్చింది, ఎలాగో తిప్పాడు. ఇంకో మలుపు. బండి ఒక క్షణం ముందుకి ఉరుకుతుంది, మరుక్షణం ముక్కుతాడు లాగినట్టు ఆగబోతుంది. ఆపుదామంటే అంచున చోటు లేదు. వెనకనించి ఏ బండొచ్చి గుద్దుతుందో తెలియదు. సోంబరు వెనకనించి స్వర్ణ భుజం గట్టిగా పట్టుకున్నాడు.

కింద మలుపులోంచి లారీ హారను వినిపించింది. మంచులో దాని లైట్లు రెండు మసక మచ్చల్లా పైకి వస్తున్నాయి. ఎదటివాడి కళ్ళలో పడకూడదని వరహాలరావు పసుపు లైట్లు ఆర్పేశాడు. లారీ ఒరుసుకుంటూ పోయింది. మళ్ళీ వేశాడు. బండి కుదిపింది. ఇంకో లారీ. ఆర్పాడు. పోయింది. వేశాడు. కుదిపింది.

తాను తోలుతున్నన్నాళ్ళూ ఇలాంటి చోట స్వర్ణ ప్రాణమంతా రోడ్డు అంచు మీదే ఉండేది. ఏ వేలు ఏ స్విచ్చి నొక్కిందో ఎవరికి గుర్తుంటుంది? ఇవాళ చేతులు ఖాళీ. కళ్ళు వరహాలరావు చేతి మీదే ఉన్నాయి.

"బాబూ, ఆ లైటు ఆపు."

"ఆపితే దారెలగ కనబడతాది?"

"ఒక్కసారి ఆపు బాబూ. నీకు దండమెడతాను."

ఆపాడు. దారి సగం మాయమైంది. కానీ బండి కుదురుకుంది. చిన్న గేరు ఇంజనుని పట్టుకుంది, ఇంజను బండిని పట్టుకుంది. మామూలు హెడ్‌లైట్ల గుడ్డి వెలుగులో, నడిచే వేగంతో, ఒక మలుపు తిరిగారు. ఇంకొకటి తిరిగారు. కుదుపు లేదు.

"ఇప్పుడెయ్యి" అంది స్వర్ణ.

వేశాడు. బండి పూనకం వచ్చినట్టు ఊగింది. టక్కున ఆర్పేశాడు.

వరహాలరావు, టూరిస్టులు ఫొటోలు తీసుకునే వెడల్పాటి చోటు వచ్చేదాకా అలాగే దించి, పక్కకి తీసి ఆపాడు. చక్రాలకి రాళ్ళు పెట్టమని సోంబరుకి చెప్పాడు. ఇంజను ఆపకుండానే బానెట్టు ఎత్తి, సంచిలోంచి మీటరు తీశాడు. ఒక సూది ఇంజను ఇనుముకి ఆనించాడు, రెండోది చాసిస్ ఇనుముకి. స్వర్ణని లైట్లు వెయ్యమన్నాడు. మీటరులో ముల్లు లేచింది. ఆర్పమన్నాడు. పడింది. నాలుగైదుసార్లు అలా వేయించీ ఆర్పించీ చూశాడు. అతని మొహంలో రంగులు మారాయి.

"ఇలగ రా అమ్మా, సూడు" అన్నాడు. "లైట్లోకి ఎల్లిన కరెంటు మళ్ళీ బేటరీకి తిరిగొచ్చీయాల. సాసిస్ మీంచి ఇంజను మీదకి దాటాల. రెండింటికీ మధ్యన రాగి పట్టీ ఒకటుంటాది, అదే వంతెన. ఆ వంతెన ఎక్కడో తెగింది. ఇంత కరెంటు దాటడానికి దారి నేక, గేర్ల పెట్టె తీగల్లోంచి దూరిపోతంది. దానికి తప్పుడు కబుర్లెల్లిపోతన్నాయి. పాపం అది మాత్రం ఏటి సేత్తాది?"

"మరి నీ షెడ్డులో?"

"మిట్టమద్దినేళ మంచు లైట్లు ఎవుడేత్తాడమ్మా" అన్నాడతను, తలొంచుకుని. "నాను ఎయ్యనేదు."

గోనెసంచి పరుచుకుని బండి కిందకి దూరాడు. టార్చి వెలుగు అటూ ఇటూ తిరిగింది. స్వర్ణ ఎడమ కాలు చాచి నేలమీద కూర్చుని, వంగి చూస్తోంది. చల్లని బురద చీరలోంచి ఒంటికి తగులుతోంది. అది తెలియడం లేదు. తెగిన వంతెన అతికించగలిగేదేనా? లేక ఆ పెట్టె ఇన్నాళ్ళ తప్పుడు కబుర్లకి లోపల్లోపల మాడిపోయిందా? ఆశ పుట్టాక భయం రెండింతలైంది. అమ్మేద్దామని మనసు రాయి చేసుకున్నప్పుడే నయం.

"ఇదేటిది" అన్నాడు కిందనించి వరహాలరావు. "పట్టీ బాగానే ఉంది. దాని బోల్టు మీద ఎవులో పాకం పోసినట్టున్నారు. తేనె రంగులో గడ్డకట్టీసింది." గోరుతో గీకి, చిన్న పెచ్చు ఊడదీసి, చెయ్యి బయటికి చాపాడు.

స్వర్ణ ఆ పెచ్చు అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేదు. పుట్టినప్పట్నించీ ఇంట్లో, పూజలో, పిల్లలకి జబ్బు చేసినప్పుడు వేసే పొగలో పీల్చిన వాసన. గుగ్గిలం. అడవిలో చెట్టు బంక. సంతలో అమ్ముతారు. కరిగించి కుండల చిల్లులు పూడుస్తారు, తడి తగలకూడని ప్రతిదానికీ పూస్తారు.

ఆమె మెల్లగా తల తిప్పింది. సోంబరు చక్రం దగ్గర, చేతిలో ఇంకా రాయి పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నానే" అన్నాడు. "వానలప్పుడు బురద గీకుతుంటే సూసాను. ఆ బోల్టు దగ్గర పచ్చగా, తుప్పు పట్టినట్టుంటే ఇప్పేసి, రుద్దేసి, మళ్ళీ పట్టకండా లోపలా పైనా గుగ్గిలం పోసి బిగించీసాను."

వరహాలరావు బండి కిందనించి పాక్కుంటూ బయటికి వచ్చాడు. నెత్తి మీద బురద. "గుగ్గిలంలోంచి కరెంటు ఎల్లదురా నాయనా" అన్నాడు. తిట్టినట్టు లేదు, మొత్తుకున్నట్టు ఉంది. "బోల్టు మరల్లో ఎక్కడో వెంట్రుకంత ఆనుకుని పన్జేత్తంది. చిన్న కరెంటైతే సరిపోతాది. ఈ లైట్లేత్తే సాలదు. అదీ సంగతి."

"నాకేటి తెలుసు" అన్నాడు సోంబరు.

స్వర్ణ లేచింది. లేవడానికి బంపరు పట్టుకోవాల్సి వచ్చింది. "రెండు నెల్లు" అంది. "ఊరంతా నన్ను సూసి పక్కకెల్లిపోయారు. ఈ బాబు న్యూట్రల్లో దించేవన్నాడు. నాకే తోలడం మర్చిపోనాదేమో అనుకున్నాను. రాత్రుళ్ళు కళ్ళు మూసుకుని ఆ మలుపు మళ్ళీ మళ్ళీ తోలీదాన్ని, ఎక్కడ తప్పు సేసానా అని. నువ్వేమో అమ్మీమన్నావు. బండి కింద సెయ్యెట్టిన సంగతి ఒక్క ముక్క సెప్పినావా?"

"అది సెప్పాలని తెల్దు. కుండకి పోత్తాం గదా, దీనికీ మంచిదే అనుకున్నాను. అమ్మీమన్నది బయానికి. అత్త సెయ్యి ఇరిగినాది. రేపు నీకేటైనా అయితే నానెలగ బతకను?"

"ముందు దాని కిందకెందుకు దూరావు? ఎవులు పొయ్యమన్నారు నిన్ను?"

సోంబరు చేతిలో రాయిని నేలమీద పెట్టాడు. "అది నీ కాలు గదా సొర్నా" అన్నాడు. "తుప్పట్టి పోతే మరింకో కాలు నేదు గదా. అందుకు."

స్వర్ణ తన ఎడమ కాలి వైపు చూసుకుంది. వరహాలరావు మొహం తిప్పుకుని, ఏదో పని ఉన్నట్టు సంచిలో వెతకడం మొదలుపెట్టాడు.

ఇంజను ఆపి, అతను మళ్ళీ కిందకి దూరాడు. బోల్టు ఊడదీశాడు. ఉలితో గుగ్గిలం పెచ్చులు రాల్చాడు. ఇనుమూ రాగీ మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దాడు. సోంబరు పక్కనే బోర్లా పడుకుని టార్చి పట్టుకున్నాడు. బిగించి, బయటికి వచ్చి, మళ్ళీ మీటరు పెట్టి లైట్లు వేయించాడు. ముల్లు కదిలీ కదలనట్టుంది.

"ఇది నయమైనాది" అన్నాడు. "పెట్టె ఎలగుందో తోల్తేనే తెలుత్తాది. మాడిపోతే మాత్రం నా సేతిలో నేదు." తాళం స్వర్ణ చేతిలో పెట్టాడు. "నువ్వే తోలు."

ఆమె ఎక్కి కూర్చుంది. ఎడమ కాలు పక్కకి చాపుకుంది. లివరు చిన్న గేరులోకి లాగింది. పసుపు లైట్లు వేసింది. బండి కదిలింది.

ముందున్నది ఆ ఘాట్‌లో అన్నిటికన్నా నిటారైన దిగుడు. పైకెక్కే లారీలే అక్కడ ఆయాసపడతాయి. ఆమెకి ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు. ఇప్పుడు వదులుతుంది, ఇప్పుడు దూకుతుంది అని కుడికాలు బ్రేకు మీదే ఉంచింది. మలుపు మంచులోంచి ఒక్కసారిగా ఎదురొచ్చింది. స్టీరింగు తిప్పింది. లోయ పక్క చక్రం రాళ్ళ వరస ఒరుసుకుని పోయింది. ఇంజను ఒకే గొంతుతో మూలుగుతూ బండిని పట్టుకునే ఉంది. రెండో మలుపు. పట్టుకునే ఉంది. మూడో మలుపులో ఎవరో బస్సువాడు ఎదురొచ్చి హారను మోగిస్తే, తానే లైట్లు ఆర్పి, వాడు పోగానే మళ్ళీ వేసింది. కుదుపు లేదు.

అప్పుడు ఆమెకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ముక్కు ఎగబీలుస్తూ, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ, చూపు మాత్రం రోడ్డు మీంచి తిప్పకుండా తోలింది. వరహాలరావు కిటికీలోంచి మంచునే చూస్తూ కూర్చున్నాడు.

టైడా స్టేషను దారి దగ్గర ఆపమన్నాడు వరహాలరావు. రైలో, బస్సో, ఏదొస్తే అది పట్టుకుని దిగిపోతానన్నాడు. బండితో వచ్చేస్తానని ఇంట్లో చెప్పొచ్చాడట, సంచితో వెళ్తే ముసల్ది నవ్వుతుందట. దిగి, తలుపు వెయ్యకుండా ఒక క్షణం నిలబడ్డాడు.

"న్యూట్రల్ అన్నాను గదా" అన్నాడు. "సూడకండా అన్నాను. తప్పమ్మా."

"మరి బండో?" అంది స్వర్ణ.

"నాకెందుకు నీ బండి? దీన్నిప్పి ముక్కలు సేత్తే నా సెయ్యి పడిపోతాది. ఓ పది దినాలాగి రా, ఆ బోల్టు మళ్ళీ సూత్తాను." స్టేషను వైపు నడుచుకుంటూ పోయాడు. ఇనుపరాయి మోసుకెళ్ళే గూడ్సుబండి ఒకటి కొండ మీంచి దిగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

స్వర్ణ బండిని ఊరి వైపు తిప్పి, రోడ్డు పక్కన ఆపింది. సోంబరు కిందకి దిగి నిలబడ్డాడు. వెనక సీటెక్కాలో, ముందు సీటెక్కాలో తెలియనట్టుంది వాలకం.

"అత్తకేటని సెప్తాం?" అన్నాడు.

"ఉన్నదున్నట్టు."

"తిడతాది."

"తిట్టనీ. ఆ మనిసి సెయ్యి ఇరిగినాది. నువ్వే సెప్పాల. నాను పక్కనుంటాను." చెంగుతో మొహం తుడుచుకుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎర్రబడ్డాయి గానీ గొంతు తేలికపడింది. "ముందుకొచ్చి కూకో."

అతను వచ్చి కూర్చున్నాడు. తలుపు మెల్లగా వేశాడు, గట్టిగా వేస్తే బండికి నొప్పి పుడుతుందేమో అన్నట్టు.

"ఇదిగో సూడయ్యా" అంది స్వర్ణ, లివరు మీద చెయ్యి వేసి. "ఇక మీదట నా కాలికి మందెయ్యాలంటే, నన్నడిగి ఎయ్యి."

సోంబరు తలూపాడు. ఆమె బండి పోనిచ్చింది.